అనునాసికత్వ పరిమాణము: యంత్రసాక్ష్యము, శ్రవణసాక్ష్యము

తైత్తిరీయ ప్రాతిశాఖ్యము పదునేడవ అధ్యాయమున ఒక చిన్న వివాదము కలదు. అనునాసికత్వము ఏయే వర్ణములందు ఎంత తీవ్రముగా నుండునను విషయమున ఆచార్యులకు ఏకాభిప్రాయము కుదురలేదు. అనుస్వారమునందును వర్గపంచమములందును అది మిక్కిలి తీవ్రమని శైత్యాయనుని మతము. అన్నిచోట్లను అది సమానమే యని కౌహలీపుత్రుని మతము. అనుస్వారమున అది స్వల్పమే యని భారద్వాజుని మతము. ముగ్గురును చెవిని నమ్ముకొని చెప్పినవారే, పాఠమున ఆరితేరినవారే. అయినను తీర్పులు మూడు విధములుగా వచ్చినవి. ఆంధ్రదేశమున యజుర్వేదాధ్యయనము ప్రధానముగా తైత్తిరీయశాఖకు చెందినది గనుక ఈ గ్రంథము మన పండితులకు చిరపరిచితము. కాని ఈ అధ్యాయము ధ్వనిశాస్త్రజ్ఞుల దృష్టిని పొందవలసినంతగా పొందలేదని నా తలంపు.

అదే ప్రాతిశాఖ్యము రెండవ అధ్యాయమున అనునాసికత్వమునకు కారణము నాసికావివరము తెరచుకొనుట యని చెప్పినది. పాణిని తన నిర్వచనమున ముఖమును నాసికను రెంటిని చేర్చి పేర్కొనెను. కారణమును గూర్చియు స్థానమును గూర్చియు చెప్పునప్పుడు ప్రాచీనుల మాట నిశ్చితముగా నున్నది. వివాదము తలయెత్తినది పరిమాణమును గూర్చి. “ఎంత?” అను ప్రశ్నను చెవికి అప్పగించినప్పుడు తీర్పులు వేరగుట సహజము. ఆ ప్రశ్నకు యంత్రములు సమాధానము చెప్పుటకు యత్నింపబట్టి నూరేండ్లు దాటినది. యంత్రము చెప్పునదియు చెవి చెప్పునదియు తరచుగా ఒక్కటి కావు. అందుచే ఒకటి ఒప్పు, రెండవది తప్పు అని తేల్చివేయుట కలదు. అది సరికాదు. అవి రెండు వేరు ప్రశ్నలకు సమాధానములు. ఈ భేదమును తెలుగు ధ్వనుల విషయమున విచారించుటకై ఈ వ్యాసము ఉద్దేశింపబడినది.

మాటలాడునప్పుడు అంగిటి వెనుకటి మెత్తని భాగము, అనగా మృదుతాలువు, పైకి లేచి గొంతు వెనుకగోడను తాకి ముక్కుదారిని మూయును. న, మ మొదలగు వర్ణములకు అది క్రిందికి జారి దారి యిచ్చును. అయితే దీనిని తలుపు తీయుట, వేయుట అను రెండే స్థితులుగా భావింపరాదు. తలుపు ఓరగా నిలుచు స్థితులు అనేకములు కలవు. మరియు మృదుతాలువు కదలిక నాలుకకొన కదలికకంటె మందము. అందుచే “అన్న” యనునప్పుడు నకారమునకు ముందున్న అకారము ముగియకమునుపే ముక్కుదారి తెరచుకొనుట పరిపాటి. ఆ అకారము అనునాసికమే. తెలుగువాడు దానిని ఎన్నడును గమనింపడు.

ఈ విచారము కేవలము శాస్త్రకుతూహలమునకు సంబంధించినది కాదు. గ్రహణమొర్రితోనో అంగిలి చీలికతోనో పుట్టిన శిశువునకు శస్త్రచికిత్స జరిగిన పిదపను, మృదుతాలువు పొట్టిదై గొంతుగోడను అందుకొనలేకపోవచ్చును. అట్టి బాలుని మాటలో ప, ట, క లు బలము కోల్పోవును. అచ్చులు ముక్కుధ్వనితో కలిసి వినబడును. రెండవ శస్త్రచికిత్స అవసరమా, మాటను దిద్దు శిక్షణతో సరిపోవునా యని వైద్యుడు నిర్ణయింపవలసి వచ్చును. లోపలి భాగములను దర్శినితో చూచుటతోపాటు ఆ నిర్ణయమునకు ఆధారములు రెండు: మాట వినిన నిపుణుని తీర్పు, యంత్రము చూపిన అంకె. ఆ అంకెకు హద్దు ఆంగ్లవాక్యములపై ఏర్పడినదై, బాలుడు చదివినది తెలుగు వాక్యమైనచో, అక్కరలేని కోత జరుగవచ్చును. లేదా అక్కరగల చికిత్స తప్పిపోవచ్చును. వాక్యమున ఏ ధ్వనులు ఎన్ని యున్నవో చెప్పగలవాడు భాషాశాస్త్రజ్ఞుడు గనుక ఈ బాధ్యతలో కొంత మనపై పడుచున్నది.

మొదట వాడుకమాటను పరిశీలింతము. “ముక్కుతో మాటలాడుచున్నాడు” అనునది రెండు విరుద్ధస్థితులకును చెల్లుచున్నది. జలుబు చేసినవానికి ముక్కుదారి మూసికొనిపోవును. వాని “మామ” “బాబ”కు దగ్గరగును. మృదుతాలువు అందనివానికి దారి మూసికొనదు. వాని “బాబ” “మామ”కు దగ్గరగును. మొదటివానికి నాసికత్వము తక్కువ, రెండవవానికి ఎక్కువ. లోకము రెంటికిని ఒకే మాట వాడుటలో చెవి స్వభావము కొంత బయటపడుచున్నది. ముక్కున ఏదో తేడా యున్నదని చెవి సులభముగా పసికట్టును. ఆ తేడా ఏవైపునకో చెప్పుటకు దానికి శిక్షణ కావలెను. జర్మన్ వైద్యుడు హెర్మన్ గుట్స్‌మన్ పేర వ్యవహరింపబడు పరీక్ష దీనికై ఏర్పడినదే. ఆ, ఈ అను అచ్చులను మార్చి మార్చి పలికించుచు ముక్కును ఒకసారి మూయుదురు, ఒకసారి విడుతురు. మూసినప్పుడు ధ్వని మారినచో అది ముక్కుదారిని కూడ పోవుచున్నదని తెలియును. ఇందు వ్రేళ్లే యంత్రము, చెవియే కొలబద్ద.

మొదటితరము యంత్రములు ధ్వనిని గాక గాలిని పట్టుకొన్నవి. ముక్కుక్రింద ఉంచిన అద్దముపై ఆవిరి కమ్ముటను చూచుట వీనిలో మిక్కిలి సరళమైనది. పందొమ్మిదవ శతాబ్ది చివర ఫ్రాన్సు దేశమున రూసెలో ప్రయోగధ్వనిశాస్త్రమును నెలకొల్పినప్పుడు, ముక్కురంధ్రమున అమర్చిన గొట్టముద్వారా గాలిని పలుచని పొరకు చేర్చి, ఆ పొర కదలికను తిరుగుచున్న డోలుపై మసిపూసిన కాగితమున గీయించు సాధనమును వాడెను. 1964లో అమెరికాలో వారెన్, డ్యుబాయ్ అనువారు నోటిలోని ఒత్తిడిని, ముక్కులోని ఒత్తిడిని, గాలిప్రవాహమును ఏకకాలమున కొలిచి వానినిబట్టి మృదుతాలువువద్ద మిగిలిన రంధ్రపు వైశాల్యమును లెక్కగట్టు పద్ధతిని ప్రకటించిరి. పకారాది హల్లులకు ఈ పద్ధతి మిక్కిలి అనుకూలము. కాని గాలి వేరు, ధ్వని వేరు. రంధ్రము సన్ననిదైనప్పుడు గాలి బుసకొట్టుచు వినబడును గాని అచ్చులకు ముక్కుధ్వని అంతగా అంటకపోవచ్చును. రంధ్రము పెద్దదైనప్పుడు బుస తగ్గి అచ్చులన్నియు ముక్కుధ్వనితో నిండును. గాలిని కొలిచినంతమాత్రమున చెవి వినునది తెలియదు.

ఈ కొరతను తీర్చుటకై శామ్యూల్ ఫ్లెచర్ 1970లో ‘టోనార్’ అను సాధనమును ప్రకటించెను. నోటిధ్వనిని ముక్కుధ్వనిని వేరు వేరు మైక్రోఫోనులతో గ్రహించి వాని నిష్పత్తిని కనుగొనుట దీని మార్గము. ఆ నిష్పత్తికి ‘నేసలెన్సు’ అని పేరు. దానిని ఈ వ్యాసమున నాసికాంశ మందును. చెవి గ్రహించు గుణమును నాసికత్వ మందును. ఈ రెండు పేర్లను కలగలుపుటచేతనే ఈ శాస్త్రమున సగము వివాదములు పుట్టినవి. ఫ్లెచర్ మార్గముననే 1980వ దశకమున ‘నేసోమీటరు’ వెలువడి వైద్యశాలలకు చేరినది. అందు పైపెదవిపై ఆనించిన ఒక పలక నోటిని ముక్కును ధ్వనివిషయమున వేరుచేయును. పలకకు క్రింద ఒకటి, పైన ఒకటి మైక్రోఫోనులుండును. 500 హెర్ట్జ్ కేంద్రముగా 300 హెర్ట్జ్ వెడల్పుగల పట్టీలోని ధ్వని మాత్రమే లెక్కకు వచ్చును. ముక్కుధ్వని బలమును, ముక్కు నోరు రెంటి బలముల మొత్తముచే భాగించి, 100చే గుణించిన లబ్ధమే నాసికాంశము.

నిష్పత్తి యగుటవలన ఒక మేలు కలదు. బిగ్గరగా మాటలాడువానికిని మెల్లగా మాటలాడువానికిని ఒకే కొలత చెల్లును. కాని నిష్పత్తిలో రెండు రాసులుండును. అంకె పెరిగినచో ముక్కుధ్వని పెరిగినదో, నోటిధ్వని తగ్గినదో అంకెవలన తెలియదు. మృదుతాలువు గట్టిగా మూసికొనియున్నవారియందును ఈకారమునకు నాసికాంశము ఆకారముకంటె ఎక్కువగా కనబడుట ప్రసిద్ధము. ఈకారమున నాలుక అంగిటికి చేరువై నోటిదారిని ఇరుకుచేయును. లోపల నిలిచిన ధ్వని అంగిటి కణజాలముద్వారానే ముక్కులోనికి కొంత చొచ్చును. అదియు గాక ఈకారపు మొదటి అనునాదము పైన చెప్పిన పట్టీకి దిగువను, ఆకారపు మొదటి అనునాదము తరచుగా పట్టీకి ఎగువను ఉండును. కావున అచ్చు మారినప్పుడెల్ల యంత్రము కొలుచు పదార్థమే మారుచున్నది.

ఇచ్చట ఒక చిత్రము గలదు. 1962లో మాల్ అను పరిశోధకుడు ఎక్స్‌రే చలచ్చిత్రములతో చూచినప్పుడు మృదుతాలువు సంవృతాచ్చులకంటె వివృతాచ్చులకే తక్కువగా మూసికొనుట కనబడెను. అనగా దేహస్థితినిబట్టి చూచినచో ఆకారము ముక్కునకు చేరువైనది. యంత్రమేమో ఈకారమునకు ఎక్కువ అంకె చూపును. ఇక చెవి? 1956లో హౌస్, స్టీవెన్స్ అనువారు విద్యుత్పరికరముతో కృత్రిమాచ్చులను పుట్టించి, ముక్కుదారిని కొలది కొలదిగా తెరచుచు శ్రోతలకు వినిపించిరి. ఈ, ఊ లు చిన్న సందుతోనే నాసికములుగా వినబడినవి. ఆకారమునకు అంతకంటె ఎంతయో పెద్ద సందు కావలసివచ్చెను. కావున మృదుతాలువు ఒకవైపున నిలువగా యంత్రమును చెవియు రెండవవైపున నిలిచినవి. అయినను యంత్రము చెవిని సమర్థించినదని పొంగిపోరాదు. రెంటి కారణములు వేరు. చెవికి ఈకారమున అనునాదపు మార్పు స్ఫుటముగా తెలియును, యంత్రమునకు నోటిధ్వని తగ్గుట తెలియును.

ఈ సందర్భమున శైత్యాయనాదుల వివాదమును యంత్రము ముందు పెట్టి చూడవచ్చును. మకారమును పలుకునప్పుడు పెదవులు మూసికొనును గనుక ధ్వని దాదాపు పూర్తిగా ముక్కునుండియే వెలువడును. నాసికాంశము శిఖరమునకు చేరును. అనునాసికాచ్చునకు నోరు తెరచియే యుండును గనుక అంకె అంతకు దిగువనే యుండును. వర్గపంచమముల విషయమున యంత్రము శైత్యాయనుని పక్షము. అనుస్వారము విషయమున అది ఏ పక్షమో చెప్పుటకు ముందు దానిని హల్లువలె పలుకుచున్నారా, అచ్చు శేషమువలె పలుకుచున్నారా యని తేల్చుకొనవలెను. భారద్వాజుడు వినినది రెండవదియే కావచ్చును. ఉచ్చారణభేదమును పరిమాణభేదముగా భావించుట నేటి పరిశోధనలలోను అరుదు కాదు.

ఆంగ్లమున ఏర్పడిన అంకెలను ఇక చూతము. నాసికావర్ణము ఒక్కటియు లేని ఒక ఖండిక, సామాన్యభాషలోవలె అవి కలిసియున్న ఒక ఖండిక, అవి దట్టముగా కూర్చబడిన వాక్యములు అని మూడు పాఠములు వాడుకలోనున్నవి. ఉత్తర అమెరికాలోని వయోజనులకు ఇవి సుమారు 16, 36, 62 శాతములని 1991లో సీవర్ ప్రభృతులు ప్రకటించిరి. అదే పరిశీలనలో అట్లాంటిక్ తీరమధ్యప్రాంతమువారి అంకెలు ఇతరప్రాంతములవారికంటె ఎక్కువగా నుండెను. ఒకే భాషలో మాండలికమునుబట్టియే అంకె కదలుచుండగా భాష మారినప్పుడు కదలదనుకొనుటకు ఆధారమేమి? మొదటి పాఠమున దోషమునకు హద్దుగా 26 మొదలు 32 వరకు పలువురు పలు అంకెలను గ్రహించిరి. ఆరు శాతముల ఈ సందిగ్ధమండలమున నిలుచు పిల్లలు కొలదిమంది కారు.

తెలుగున ఇట్టి పాఠములను కూర్చబోయినవానికి మొదటి చిక్కు వ్యాకరణమునుండి వచ్చును. నాసికావర్ణరహితముగా సహజమైన ఖండికను వ్రాయుట మన భాషలో ఎంత కష్టమో వ్రాసి చూచినగాని తెలియదు. ఉత్తమపురుషను వాడరాదు: “వచ్చాను”లో నకారము, “వచ్చాము”లో మకారము కలవు. స్త్రీని గూర్చియు పశువును గూర్చియు వస్తువును గూర్చియు ఏకవచనమున చెప్పరాదు: “వచ్చింది”, “వస్తుంది” అను రెంటను సున్న యున్నది. ద్వితీయావిభక్తి ని, ను లతో నడచును. పంచమికి “నుంచి” తప్పదు. “దేశం”, “పుస్తకం” వంటి అంకారాంతములు వేలకొలది కలవు, వానిని బహువచనమున తప్ప వాడరాదు. నేను ఈ వ్యాసమును వ్రాయుచున్న గ్రాంథికమున ఐతే “వచ్చెను”, “వచ్చును”, “వచ్చుచున్నది” అని అడుగడుగునను నకారమే. ఇందు అట్టి ఖండిక అసాధ్యప్రాయము.

మిగిలిన దారులు కొన్ని. పురుషుని గూర్చి “వచ్చాడు” అనవచ్చును. దాని వెనుక “వచ్చినాఁడు” అను రూపము కలదని చరిత్ర యెరిగినవారు స్మరింతురు. ఆ నకారము నేటి ఉచ్చారణమున లేదు. బహువచనమున “వచ్చారు”, “వచ్చాయి” అనవచ్చును. “గొర్రెలు గట్టు దిగి చెరువుకు వెళ్లాయి, కాపరి రాయిపై తువ్వాలు పరిచాడు” అను వాక్యము పనికివచ్చును. “అవ్వ కథ చెప్పింది” పనికిరాదు. “అవ్వగారు కథ చెప్పారు” పనికివచ్చును. కాని ఏ పిల్లవాడు తన అవ్వను గూర్చి అట్లు చెప్పును? చదువరాని బాలునిచే చెప్పింపవలసిన వాక్యము వాని నోటికి సహజముగా నుండవలెను; లేనిచో వాడు తడుముకొనును, తడుముకొన్న మాటలో మృదుతాలువు తీరు మారును. దీనికి ఎదురుగా నాసికావర్ణముల దట్టమైన వాక్యము ఇట్టే దొరకును: “నిన్న మా మేనమామ మా నాన్నను మన్నించాడు.”

రెండవ చిక్కు అచ్చులది. తెలుగు అజంతభాష, పదాంతమున ఇకార ఉకారములు మిక్కుటము. చతుర్థి కి, కు లే చూడుడు. ఇకారము అంకెను పెంచునదని పైన చెప్పితిమి గదా. ఇకారము నిండిన పాఠమును, అకారము నిండిన పాఠమును ఒకే బాలుడు చదివినచో రెండు అంకెలు వచ్చును, వాని అంగిలి మారకుండగనే. కావున పాఠమును కూర్చువాడు నాసికావర్ణములను తొలగించుటతో సరిపెట్టుకొనక అచ్చుల పాళ్లను లెక్కించి ప్రకటింపవలెను. అట్లు ప్రకటింపని పాఠముపై వచ్చిన అంకె మరొక పాఠపు అంకెతో పోల్చదగినది కాదు. వేరు తయారీసంస్థల యంత్రములు ఇచ్చు అంకెలను ఒకదానికొకటి బదులుగా వాడుటయు ఇట్టి పొరపాటే. మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థవంటి చోట్ల పనిచేయువారితో భాషాశాఖలు చేయి కలుపవలసినది ముఖ్యముగా ఈ పాఠరచనలోనే.

ధ్వనివిశ్లేషణమునుండి ఒకే గుర్తు దొరకునేమో యని కొందరు ఆశించిరి. ముక్కుదారి తెరచుకొన్నప్పుడు మొదటి అనునాదము నీరసించి వెడల్పగును. దాని సమీపమున అదనపు శిఖరమొకటి, లోయ యొకటి ఏర్పడును. 1997లో మెరిలిన్ చెన్ మొదటి అనునాదపు ఎత్తునకును ఆ అదనపు శిఖరపు ఎత్తునకును గల భేదమును కొలతగా ప్రతిపాదించెను. సామాన్యమైన ధ్వనిముద్రణకే ఇది చాలును, పలక అక్కరలేదు. కాని అచ్చు మారిన, పలుకువాడు మారిన, ఆ భేదము కూడ మారును.

ఇక శ్రోత. శ్రోతను “ఎంత నాసికము?” అని అడుగుటకు పద్ధతులు పలుగలవు. ఒకటి మొదలు ఐదో ఏడో వరకు సమానాంతరముల మెట్లు ఏర్పరచుట ప్రాతపద్ధతి. ఒక ధ్వనికి ఒక అంకె యిచ్చి, తక్కినవి దానికి ఎన్నిరెట్లో చెప్పుమనుట రెండవది. నాసికత్వము “ఇంత, అంతకు రెట్టింపు” అను తీరున పెరుగు గుణము గనుక మెట్ల పద్ధతి దానికి సరిపడదని 2002లో వైట్‌హిల్ ప్రభృతులు వాదించిరి. చివరి మెట్లవద్ద శ్రోతకు భేదములు ఇరుకై తోచును. ఇంతకంటె పెద్ద బాధ మరొకటి కలదు. అంగిలిదోషముగల బాలుని మాటలో హల్లులు కూడ చెడియుండును. హల్లులు చెడినకొలది శ్రోత నాసికత్వమును కూడ ఎక్కువగా లెక్కించు ప్రమాదము కలదు. దీనిని తప్పించుటకు డొరొతి షెర్మన్ 1954లో మాటను టేపుపై వెనుకనుండి ముందునకు నడిపి వినిపించు పద్ధతిని పరిశీలించెను. అర్థము పోవును, హల్లుల దోషము మరుగుపడును, ధ్వనిగుణము మిగులును. తెలివైన ఉపాయమే, కాని భాష తొలగిన పిదప మిగిలిన నాసికత్వము భాషకు సంబంధించిన నాసికత్వమేనా యను సందేహము నన్ను విడువదు.

చెవికి ఆనవాలుగా ఒక ధ్వనిని నిలుపుట నేటి శిక్షణలలో పరిపాటి. ఇది క్రొత్త కాదు. పాణినీయశిక్ష ‘రంగ’మను నాసికోచ్చారణమును వర్ణించుచు సౌరాష్ట్రదేశపు స్త్రీ మజ్జిగను పేర్కొని పలుకు తీరును ఉపమానముగా చూపినది. వర్ణన చాలనిచోట వినికిడి ఆదర్శమును చూపవలెనని వారెరుగుదురు. మనకు ముద్రించి దాచుకొను సౌకర్యము అదనముగా కలిగినది.

శ్రోత మాతృభాష తీర్పును మార్చునా? ఈ ప్రశ్నకు భారతీయభాషలే ముఖ్యమైన క్షేత్రము. హిందీలో ‘సాస్’ అత్త, ‘సాఁస్’ ఊపిరి. బెంగాలీలో ఏడు అచ్చులకును నాసికరూపములు కలవని ఫర్గ్యుసన్, చౌధురి 1960లో వర్ణించిరి. 1985లో హాకిన్స్, స్టీవెన్స్ అనువారు కృత్రిమాచ్చులలో నాసికత్వమును మెట్లుమెట్లుగా పెంచి గుజరాతీ, హిందీ, బెంగాలీ భాషీయులకును అమెరికనులకును వినిపించిరి. నాసికము, అనాసికము అను తీర్పులు సరిసమానముగా చీలు బిందువు ఈ జనముల మధ్య చెప్పదగినంతగా మారలేదు. సూక్ష్మభేదములను గుర్తించు తీరున మాత్రము కొన్ని అచ్చులకు వ్యత్యాసములు కనబడినవి. అనగా చెవికి సహజమైన హద్దొకటి కలదు. అయితే 1991లో అదితి లాహిరి, మార్స్‌లెన్-విల్సన్ అనువారు పదములను ముక్కలుగా వినిపించినప్పుడు కనుగొనినది వేరు. నకారమునకు ముందున్న అచ్చు ముక్కును మాత్రమే వినిన బెంగాలీలు దానిని తమ భాషలోని నాసికాచ్చుగా గ్రహించిరి. ఆంగ్లేయులు రానున్న నకారమును ఊహించిరి. వినికిడి ఒకటే, వినియోగము వేరు.

ఈ రెండును విరుద్ధములు కావు. శ్రోత పొరుగుహల్లు కారణమని గ్రహించినప్పుడు ఆ నాసికత్వమును ఆ హల్లు లెక్కలో వేసి, అచ్చునుండి తీసివేయును. “అన్న”లోని అకారము మనకు శుద్ధాకారముగా తోచుట ఇందువలననే. యంత్రమునకు ఈ తీసివేత తెలియదు. అది అకారమునందలి ముక్కుధ్వనిని కూడ మొత్తమున కలుపును. కావున నాసికావర్ణములున్న పాఠమున యంత్రమునకును చెవికిని పొత్తు తక్కువగా కుదిరినచో ఆశ్చర్యపడనక్కరలేదు.

తెలుగున నాసికాచ్చులు అర్థభేదకములు కావని సామాన్యముగా చెప్పుదురు. పూర్వమందు అట్లు కాదేమో యని అరసున్న సూచించుచున్నది. ఏడు సంఖ్య, ఏఁడు సంవత్సరము. వాడుట వసివాడుట, వాఁడు పురుషుడు. నాడు దేశము, నాఁడు దినము. సంవత్సరవాచికి తమిళమున ‘ఆండు’ అని అనునాసికము నిలిచియుండగా తెలుగున దీర్ఘము పైని అది క్షీణించి ఖండబిందువైనది. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణము పూర్ణఖండబిందువులను శ్రద్ధగా వేరుచేసెను. నేటి శిష్టోచ్చారణమున ఈ జంటలు ఒకటే. పల్లెపట్టుల వృద్ధుల నోట ఏ ఛాయయైన మిగిలినదేమో యంత్రముతో చూడదగినదే. ఫలము దక్కునని మాత్రము నాకు నమ్మకము లేదు.

సజీవమైన ఉదాహరణము వేరొకచోట కలదు. సంభాషణలో రెండచ్చుల నడుమనున్న మకారమునకు పెదవులు పూర్తిగా కలియక అది నాసికయుక్తమైన వకారమగుట వర్ణనాత్మక వ్యాకరణములు గుర్తించినదే. “పాము” అనునది “పాఁవుఁ” వలె నగును. దాని ప్రక్కన “పావు” అను పదము కలదు. అట్లే “చేమ” ప్రక్కన “చేవ”. పెదవుల కలయిక లేనిచోట ఈ జంటలను వేరుచేయునది ముక్కుధ్వని యొక్కటే. అనగా నాసికత్వమునకు అర్థభేదకశక్తి తెలుగున నశింపలేదు. వ్రాతలో మకారపు ముసుగు వేసికొనినది.

యంత్రమును చెవిని ఒకే ప్రశ్నపై నిలుపుటకు ఈ జంటలు తగినవని నా ప్రతిపాదన. “ఇప్పుడు … చెప్పు” అను నాసికారహితమైన వాక్యమున పదము నుంచి, పలకకు ఇరువైపుల ధ్వనులను వేరు వేరుగా ముద్రింపవలెను. పిదప “పాము” యొక్క ముక్కుధ్వనిని మెట్లుమెట్లుగా తగ్గించుచు నోటిధ్వనితో కలిపి శ్రోతలకు వినిపింపవలెను. “ఎంత నాసికము?” అని అడుగరాదు, “పామా, పావా?” అని అడుగవలెను. తీర్పులు సగము సగముగా చీలినచోట నాసికాంశమెంతో చూచినచో, ఆ అంకెకు తెలుగున అర్థమేర్పడును. అవే ధ్వనులను వేరొక శ్రోతృబృందమునకు వినిపించి నాసికత్వపరిమాణమును అడిగినచో, రెండు తీర్పులు ఎచ్చట కలియునో, ఎచ్చట విడిపోవునో తెలియును. విడిపోయినచోటనే భాష యొక్క నాసికత్వమునకును కంఠగుణమైన నాసికత్వమునకును గల ఎడము బయటపడును. వైద్యునకు రెండవది కావలెను, మనకు మొదటిది. ఒకరి అంకెను మరొకరు వాడుకొనరాదు.

ఇందు జాగ్రత్తలు కొన్ని. ముక్కుదారి తెరచినప్పుడు నోటినుండి వచ్చు ధ్వని కూడ మారును గనుక, ముక్కుధ్వనిని పూర్తిగా తీసివేసినను “పాము” నోటిధ్వని “పావు” కాజాలదు. “పావు” నోటిధ్వనితో పోల్చి ఆ శేషమును వేరుగా లెక్కగట్టవలెను. శ్రోతలకు పదములను అక్షరములలో చూపరాదు, వ్రాతలోని మకారము చెవిని ముందే లోబరచుకొనును. పాము బొమ్మను, నాలుగింట ఒక పాలు గీసిన బొమ్మను చూపవలెను. కోస్తా, తెలంగాణ, రాయలసీమ శ్రోతలను కలుపక వేరుగా లెక్కించి, ఒక్కొక్క శ్రోతకు ప్రతిధ్వనిని రెండుమారులైన వినిపింపవలెను. తన తీర్పుతో తానే విభేదించు శ్రోత యొక్క అంకెను మరొకరి అంకెతో పోల్చుట నిష్ప్రయోజనము. పెదవులు కలిసిన ఉచ్చారణలను ఈ పరీక్షనుండి తొలగింపవలెను. పెట్టుకొన్న పలక పెదవులను కొంత మరుగుపరచును గనుక, అవి కలిసినవో లేదో తెలిసికొనుటకు ప్రక్కనుండి చలచ్చిత్రము తీయుట అవసరము.